టన్ను బరువు, 732 న్యూటన్ మీటర్ల టార్క్: ఒక కోబ్రాకి క్లచ్ ఎంచిన తీరు

కారు ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ ఎంకే4 రోడ్‌స్టర్. 1965 నాటి 427 కోబ్రా స్పోర్ట్స్ కారు రూపంలో ఉండే కిట్ కారు, అంటే భాగాలుగా కొని మనమే బిగించుకునేది. స్టీలు గొట్టాల ఛాసీ, దాని మీద ఫైబర్ బాడీ. కిట్‌లో ఇంజిన్ రాదు, గేర్‌బాక్స్ రాదు. ఏది పెట్టుకోవాలో యజమాని ఇష్టం. డల్లాస్ శివార్లలో ఉండే ఈ యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. వారాంతాల్లో తన గ్యారేజీలోనే ఈ కారు కట్టుకున్నారు. ఇంజిన్ మాత్రం బయట చేయించారు: ఫోర్డ్ 351 విండ్సర్ తరహా బ్లాక్, 4.125 అంగుళాల బోర్, 4 అంగుళాల స్ట్రోక్, అంటే 427 క్యూబిక్ అంగుళాలు. ఇంజిన్ డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) కాగితం మీద గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 4,200 ఆర్‌పీఎం దగ్గర 540 పౌండ్-ఫీట్, మన లెక్కలో 732 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ ట్రెమెక్ టీకేఎక్స్, అయిదు గేర్లు, మొదటి గేరు నిష్పత్తి 2.87. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.55. కారు బరువు 1,050 కిలోల దగ్గర, మనిషితో, పెట్రోలుతో 1,150.

నేను చేసేది డ్రైవ్‌లైన్ పని. క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, యాక్సిల్. ఆయన ఫోన్ చేసి చెప్పింది క్లచ్ గురించి కాదు. "అన్నా, ఇంజిన్ పవర్ తగ్గిపోయింది, ట్యూనింగ్ ఎక్కడో తేడా కొట్టింది" అన్నారు. కార్బురేటర్ జెట్లు మార్చారు, ఇగ్నిషన్ టైమింగ్ మార్చారు, తేడా రాలేదు. ఊళ్లో తిరిగితే బాగానే ఉంటుంది, రెండో గేరులో తొక్కితే టైర్లు పొగలు కక్కుతాయి, చక్రాల దగ్గర బలం కొలిచే రోలర్ల డైనో మీద పెడితే మాత్రం నంబర్లు రావడం లేదు. రెండో గేరులో టైర్లు తిరిగిపోతున్నాయి కాబట్టి క్లచ్ గట్టిగానే పట్టుకుంటోందని ఆయన అనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఈ కేసు మొత్తానికి తాళంచెవి అక్కడే ఉంది.

తేలిక కారులో క్లచ్ మీద పడే భారం ఇంజిన్ ఒక్కటే నిర్ణయించదు. టైరు ఎంత పట్టు ఇస్తుందో అంతవరకే క్లచ్ గుండా టార్క్ వెళ్తుంది. ఆ పైన టైరు జారిపోతుంది. ఈ కారు లెక్క చూడండి. బలంగా తొక్కినప్పుడు బరువులో సుమారు 65 శాతం వెనక చక్రాల మీదికి వస్తుంది, అంటే 7,300 న్యూటన్లు. మామూలు రోడ్డు టైరు పట్టు 1.0 అనుకుంటే నెట్టుడు బలం కూడా అంతే. టైరు వ్యాసార్ధం 0.33 మీటర్లు కాబట్టి యాక్సిల్ దగ్గర సుమారు 2,420 న్యూటన్ మీటర్లు. దాన్ని గేర్ల నిష్పత్తులతో భాగించి, మధ్యలో పోయే 14 శాతం నష్టాన్ని కలుపుకుంటే క్లచ్ దగ్గర అంకెలు వస్తాయి. మొదటి గేరులో టైరు జారడానికి క్లచ్ మీద 275 న్యూటన్ మీటర్లు చాలు. రెండో గేరులో 420. మూడో గేరులో 620. నాలుగో గేరులో దాదాపు 790.

ఇంజిన్ ఇచ్చేది 732. అంటే మొదటి మూడు గేర్లలో క్లచ్‌కి పూర్తి టార్క్ అందకముందే టైరు వదిలేస్తోంది. నాలుగో గేరులోనే టైరు నిలబడి, 732 మొత్తం క్లచ్ గుండా పోతుంది. రోలర్ల డైనో మీద పరీక్ష చేసేది కూడా సాధారణంగా నాలుగో గేరులోనే, ఎందుకంటే అక్కడ నిష్పత్తి సరిగ్గా 1.00. కారుని బెల్టులతో కిందికి బిగించి కట్టేస్తారు కాబట్టి టైరు జారే అవకాశమూ తక్కువ. ఊళ్లో దాక్కున్న లోపం డైనో మీద బయటపడింది అందుకే.

హైదరాబాద్‌లో డీజిల్ కార్లకి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించుకునే వాళ్లకి కూడా ఇదే విషయం చెబుతుంటాను. క్లచ్ సరిపోవడం లేదా అని చూడాలంటే మొదటి గేరులో హ్యాండ్‌బ్రేక్ వేసి తొక్కి చూడొద్దు. ఔటర్ మీద పై గేరులో, తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం మీటరు ముల్లు వేగం కంటే ముందు పరుగెత్తుతోందా అని చూడండి.

డైనో రికార్డు తెరిచి చూశాను. ఈ గేర్లతో, ఈ టైర్లతో 3,900 ఆర్‌పీఎంకి వేగం 137 కిలోమీటర్లు ఉండాలి. అక్కడిదాకా సరిగ్గానే ఉంది. 4,700కి 165 ఉండాలి, రోలరు చూపించింది 141. అంటే ఇంజిన్ పైకి లేచిపోతోంది, చక్రం రావడం లేదు. పైగా చక్రాల దగ్గర టార్క్ (గేర్ల గుణకారం తీసేసి డైనో చూపించే అంకె) 500 దగ్గర గీత గీసినట్టు చదునుగా ఆగిపోయింది. పవర్ లేని ఇంజిన్ గ్రాఫు అలా ఉండదు, మెల్లగా వంగుతుంది. చదునైన గీత అంటే జారుతున్న క్లచ్ తన శక్తిని తానే చూపిస్తోందని అర్థం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తీసిన మొదటి గ్రాఫులో ఈ లోపం దాదాపు కనిపించలేదు. వేడెక్కాకే వచ్చింది.

గేర్‌బాక్స్ దించాం. ముందుగా చూసింది ఆయిల్. క్రాంక్ వెనక సీల్ కారి ప్లేటు మీద ఆయిల్ పడితే ఎంత మంచి క్లచ్ అయినా జారుతుంది, అప్పుడు క్లచ్ మార్చడం డబ్బు దండగ. సీల్ పొడిగానే ఉంది. ప్లేటు మీద మెరుపు, ఫ్లైవీల్ (క్రాంక్ చివర తిరిగే బరువైన చక్రం, క్లచ్ పట్టుకునేది దాన్నే) మీద నీలం మచ్చలు, కాలిన వాసన. వేడికి జారిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పాత క్లచ్ 10.5 అంగుళాల సింగిల్ ప్లేటు, ఆర్గానిక్ లైనింగ్. పెట్టె మీద 600 పౌండ్-ఫీట్ అని ఉంది, అంటే 813 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ 732. కాగితం మీద సరిపోవాలి. మరి ఎందుకు సరిపోలేదు?

క్లచ్ శక్తికి లెక్క చిన్నదే. రాపిడి గుణకం, బిగింపు బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య, ఈ నాలుగింటి గుణకారం. సింగిల్ ప్లేటుకి ముఖాలు రెండు. ఈ ప్లేటు బయటి వ్యాసం 267 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 165, సగటు వ్యాసార్ధం 0.108 మీటర్లు. క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుని ప్రెస్ మీద పెట్టి కొలిస్తే బిగింపు బలం సుమారు 10,800 న్యూటన్లు వచ్చింది. ఇక మిగిలింది రాపిడి గుణకం ఒక్కటే. ఆర్గానిక్ లైనింగ్‌కి మామూలుగా 0.3 వేసుకుంటాం. అలా వేస్తే 700 న్యూటన్ మీటర్లు. బాగా వేడెక్కితే ఆ గుణకం 0.25కి దిగడం మామూలే, అప్పుడు 583. దాన్లోంచి 14 శాతం నష్టం తీసేస్తే చక్రాల దగ్గర 500. డైనో గీత ఎక్కడ చదునైందో సరిగ్గా అక్కడికి వచ్చాం.

మరి పెట్టె మీది 813? గుణకం 0.35 వేస్తే ఆ అంకె వస్తుంది. లైనింగ్ అత్యుత్తమ స్థితిలో ఉన్నప్పుడు దొరికే విలువ అది. ఆ అంకె అబద్ధమని అనను. కానీ టెక్సాస్ ఆగస్టు ఎండలో, ఇరుకైన టన్నెల్‌లో, ఎగ్జాస్ట్ పక్కన ఉన్న క్లచ్‌కి అది వర్తించదు. అందుకే నేను ఏ క్లచ్‌నైనా వేడి గుణకంతోనే లెక్క వేస్తాను. 0.25 దగ్గర కూడా ఇంజిన్ టార్క్ కంటే కనీసం 15 శాతం ఎక్కువ పట్టుకోవాలి. ఈ కారుకి అంటే 842 న్యూటన్ మీటర్లు.

ఏవేం చూశాం

ఆయన మొదటి ఆలోచన, అదే ప్లేటు ఉంచి ఇంకా గట్టి ప్రెషర్ ప్లేటు వేద్దామని. 842 రావాలంటే సింగిల్ ఆర్గానిక్ ప్లేటుకి 15,600 న్యూటన్ల బిగింపు కావాలి. ఆ బిగింపుని ఇచ్చే డయాఫ్రమ్ స్ప్రింగు మీట నిష్పత్తి నాలుగుకి ఒకటి అనుకుంటే, పెడల్ తొక్కినప్పుడు ఆ స్ప్రింగు వేళ్లని నొక్కే రిలీజ్ బేరింగ్ మీద 3,900 న్యూటన్లు పడుతుంది. ఇది కాలి నొప్పితో ఆగదు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆ బలం క్రాంక్‌షాఫ్ట్‌ని ముందుకు నెడుతుంది, దాన్ని ఆపేది ఇంజిన్‌లోని థ్రస్ట్ బేరింగ్. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో, ఆయిల్ ప్రెషర్ అతి తక్కువగా ఉన్నప్పుడే ఈ బరువు పడుతుంది. ఇంత ఖరీదు పెట్టి చేయించుకున్న ఇంజిన్‌ని క్లచ్ కోసం అరగదీసుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

రెండోది సిరామిక్ బటన్ ప్లేటు. ఉన్న ప్రెషర్ ప్లేటే సరిపోతుంది. గుణకం 0.42 వేసినా 980 న్యూటన్ మీటర్లు వస్తుంది. అన్నింటిలోకీ చవక. ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారైతే ఆలోచించేవాణ్నే. ఆర్గానిక్ ప్లేటులో రెండు లైనింగ్‌ల మధ్య అలలుగా వంచిన పల్చటి స్టీలు రేకులు ఉంటాయి. పెడల్ వదులుతుంటే అవి మెల్లగా నలిగి పట్టుని క్రమంగా పెంచుతాయి. మనం హాఫ్ క్లచ్ అని పిలిచే ఆ వెసులుబాటు అంతా ఆ రేకుల పుణ్యమే. బటన్ ప్లేట్లలో సాధారణంగా అవి ఉండవు. పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది. టన్ను బరువున్న కారు, 427 ఇంజిన్, పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) వల్ల ముందే ఎగుడుదిగుడుగా నడిచే ఐడ్లింగ్. పార్కింగ్‌లో రివర్స్ తీయాలంటే కారు కప్పలా గెంతుతుంది. పైగా ఆ దెబ్బంతా గేర్‌బాక్స్ మీద పడుతుంది. ఫ్లైవీల్ కూడా తొందరగా అరుగుతుంది.

రేసు కార్లలో వాడే 7.25 అంగుళాల మల్టీ ప్లేటు గురించి కూడా అడిగారు. చాలా తేలిక, ఇంజిన్ క్షణంలో పైకి లేస్తుంది. కానీ దానికి హాఫ్ క్లచ్ పడదు. ఆదివారం పూట భార్యాపిల్లల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని కాఫీకి వెళ్లే కారుకి అది కాదు. ఆ మాట అక్కడితో వదిలేశాం.

మిగిలింది ట్విన్ డిస్క్. రెండు ప్లేట్లు, వాటి మధ్య ఒక తేలే స్టీలు ప్లేటు. రాపిడి ముఖాలు నాలుగు. 10.5 అంగుళాల ఆర్గానిక్ జతని 8,000 న్యూటన్ల బిగింపుతో పెడితే, చల్లగా 1,037, వేడిలో 864 న్యూటన్ మీటర్లు. నేను పెట్టుకున్న హద్దుని దాటింది. పాత క్లచ్ కంటే బిగింపు బలం తక్కువ, పట్టు ఎక్కువ. మెత్తటి ఆర్గానిక్ స్వభావం అలాగే ఉంటుంది. ధర మాత్రం సింగిల్ ప్లేటుకి దాదాపు రెట్టింపు చెప్పారు.

అదే ట్విన్ డిస్క్‌లో 1,000 పౌండ్-ఫీట్ రకం కూడా ఉంది. ధరలో పెద్ద తేడా లేదు. "రేపు సూపర్‌చార్జర్ పెడితే పనికొస్తుంది కదా అన్నా, పెద్దదే తీసుకుందాం" అన్నారు ఆయన. నేను వద్దన్నాను. టీకేఎక్స్ గేర్‌బాక్స్ రేటింగ్ 600 పౌండ్-ఫీట్, 813 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ నిలకడగా ఇచ్చే 732 దానికి లోపలే. ప్రమాదం నిలకడ టార్క్‌తో రాదు, ఆర్‌పీఎం పెంచి పెడల్ టక్కున వదిలినప్పుడు వస్తుంది. అప్పుడు ఫ్లైవీల్‌లో నిలవ ఉన్న శక్తి అంతా ఒక్క క్షణంలో గేర్ల మీదికి దూకుతుంది. ఆ క్షణంలో కాస్త జారే క్లచ్ గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది. 1,350 న్యూటన్ మీటర్లు పట్టుకునే క్లచ్ జారదు, ఇక విరగాల్సింది గేరో, యాక్సిలో. సూపర్‌చార్జర్ పెట్టే రోజు వస్తే గేర్‌బాక్స్ కూడా మార్చాల్సిందే, క్లచ్ గురించి అప్పుడే మాట్లాడుకుందాం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

వేడి గురించి భయపడాల్సింది లేదని కూడా లెక్క చూపించాను. ఇంజిన్‌ని 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి మొదటి గేరులో కదిలితే, క్లచ్ పూర్తిగా పట్టేసరికి కారు వేగం సెకనుకి 5 మీటర్లు. ఆ లోపు కారు ఎంత శక్తి పొందుతుందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. ఇక్కడ సుమారు 15 కిలోజౌళ్లు. 2,500 కిలోల పికప్ ట్రక్కుకి ఇదే గేర్లుంటే అది 32 దాటుతుంది. తేలిక కారుకి ఉన్న పెద్ద వరం ఇది. పట్టు శక్తి ఎక్కువ కావాలి, వేడి భరించే శక్తి అంతగా అక్కర్లేదు. ఆర్గానిక్ లైనింగ్‌తో ధైర్యంగా వెళ్లడానికి కారణం అదే.

ఫ్లైవీల్

ఫ్లైవీల్ బరువు మీద జనానికి గట్టి అభిప్రాయాలుంటాయి, లెక్క వేసేవాళ్లు తక్కువ. 13 కిలోల స్టీలు ఫ్లైవీల్ మొదటి గేరులో ఈ కారు మీద మోపే భారం, గేర్ల గుణకారంతో, 150 కిలోల పైమాటే. అంటే ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకున్నట్టు. నాలుగో గేరులో అదే 20 కిలోల లోపు. అల్యూమినియం వేస్తే మొదటి గేరులో చాలా తగ్గుతుంది, కానీ ఈ క్యామ్‌తో ఐడ్లింగ్ మరీ గరుకవుతుంది, కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. అందుకని 9 కిలోల బిల్లెట్ స్టీలు ఎంచాం. వేగంగా తిరుగుతూ పగలకుండా ఎస్ఎఫ్ఐ 1.1 (అమెరికాలో రేసింగ్ భాగాల భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్నదే తీసుకోమన్నాను. కాళ్ల పక్కన తిరిగే వస్తువు అది, ఆ విషయంలో బేరం ఉండకూడదు.

ఆర్డర్ పెట్టేముందు బ్యాలెన్స్ సంగతి తేల్చుకోవాలి. ఫోర్డ్ చిన్న బ్లాకుల్లో ఇది చాలామందిని దెబ్బతీస్తుంది. 351 విండ్సర్‌కి 28 ఔన్సుల అసమతౌల్యంతో ఫ్లైవీల్ వస్తుంది, 1981 తర్వాతి 302కి 50 ఔన్సులు. ఈ 427 మాత్రం క్రాంక్‌లోనే సమతూకం చేసిన ఇంజిన్, దానికి సున్నా అసమతౌల్యం ఉన్న ఫ్లైవీల్ కావాలి. తప్పుది బిగిస్తే బేరింగులు పోతాయి. ఇంజిన్ కట్టినవాళ్ల కాగితం చూసి, ముందున్న డ్యాంపర్ మీది గుర్తుతో పోల్చి, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టించాను.

పెడల్ దగ్గర జరిగిన పని

ట్విన్ డిస్క్ కొని బిగించి, గేరు పడటం లేదని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. తప్పు చాలాసార్లు క్లచ్‌ది కాదు, హైడ్రాలిక్స్‌ది. రెండు ముఖాలు విడిపోవడానికి సరిపోయే కదలిక నాలుగు ముఖాలకి సరిపోదు.

ఈ కారులో ఉన్నది 5/8 అంగుళాల మాస్టర్ సిలిండర్, పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టేది. పెడల్ నిష్పత్తి 6, మాస్టర్ స్ట్రోక్ 25 మిల్లీమీటర్లు. గేర్‌బాక్స్ లోపలి హైడ్రాలిక్ రిలీజ్ బేరింగ్ పిస్టన్ వైశాల్యం సుమారు 900 చదరపు మిల్లీమీటర్లు. ఈ లెక్కన బేరింగ్ కదిలేది 5.5 మిల్లీమీటర్లు. డయాఫ్రమ్ నాలుగో వంతుకి తగ్గిస్తుంది కాబట్టి ప్రెషర్ ప్లేటు లేచేది 1.4. దాన్ని నాలుగు ముఖాలకి పంచితే ఒక్కోదానికి 0.35 కూడా రాదు. ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయి, మొదటి గేరు గరగరమంటుంది.

3/4 అంగుళాల మాస్టర్ వేస్తే బేరింగ్ కదలిక 7.9 మిల్లీమీటర్లకి పెరుగుతుంది. 7/8 వేస్తే 10.8. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది, కాదు. డయాఫ్రమ్‌ని దాని హద్దు దాటి నొక్కితే వేళ్లు వంగిపోతాయి. 3/4 మాస్టర్, స్టీలు అల్లిక గొట్టం, పెడల్ వెనక సర్దుబాటు చేసుకునే ఆపుడు బోల్టు పెట్టాం. బోల్టు సర్దాక బేరింగ్ దగ్గర కొలిస్తే 7.4. క్లచ్ శుభ్రంగా విడిపోయింది.

పెడల్ బరువు లెక్కలో 11 కిలోలు. సీళ్ల రాపిడితో కలిపి స్ప్రింగు త్రాసు పెట్టి చూస్తే 12. పాత క్లచ్‌కీ ఇంచుమించు అంతే. గట్టి ప్రెషర్ ప్లేటుతో వెళ్లుంటే ఇదే మాస్టర్‌తో 21 కిలోలు అయ్యేది. హైవే 75 మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ పెడల్ తొక్కేవాళ్లు నెల తిరక్కుండా కారుని గ్యారేజీలో వదిలేస్తారు.

బిగించేముందు బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) కేంద్రం సరిగ్గా ఉందో లేదో డయల్ గేజీతో చూడాలి. కిట్ కార్లు కట్టేవాళ్లు ఎక్కువగా వదిలేసే పని ఇదే. గేజీ మీద హద్దు 0.13 మిల్లీమీటర్లు. ఇక్కడ 0.28 వచ్చింది. గేజీ చూపించేది రెట్టింపు కాబట్టి అసలు పక్కకి జరిగింది 0.14. 0.18 మిల్లీమీటర్లు పక్కకి జరిపే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు పెట్టి తిప్పి సర్దితే గేజీ 0.08కి దిగింది. ఇది చేయకపోతే రెండు ప్లేట్ల హబ్బులూ గేర్‌బాక్స్ షాఫ్టు మీద పక్కకి లాగుతూ తిరుగుతాయి. ట్విన్ డిస్క్ సింగిల్ కంటే దీన్ని తక్కువగా భరిస్తుంది. పైలట్ బేరింగ్ కొత్తది వేశాం. రిలీజ్ బేరింగ్‌కీ డయాఫ్రమ్ వేళ్లకీ మధ్య ఖాళీ 3.5 మిల్లీమీటర్లు ఉంచాం. లైనింగ్ అరిగేకొద్దీ వేళ్లు వెనక్కి వస్తాయి, ఆ ఖాళీ లేకపోతే కొంతకాలానికి క్లచ్ ఎప్పుడూ కొద్దిగా తొక్కినట్టే ఉండిపోతుంది.

తర్వాత

800 కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పమన్నాను, ఆపుతూ కదులుతూ, పూర్తిగా తొక్కకుండా. లైనింగ్ పూర్తి ముఖంతో కూర్చోవడానికి అది కావాలి. ఆయనకి ఆగడం కష్టమే అయింది, కానీ ఆగారు. తర్వాత అదే డైనో మీద అదే గేరులో చూస్తే చక్రాల దగ్గర గరిష్ఠ టార్క్ 628, గీత మెత్తగా వంగింది. వెంటవెంటనే పెట్టి వేడెక్కించినా అంకె దిగలేదు. ఆర్‌పీఎం, వేగం చివరిదాకా కలిసే నడిచాయి. కార్బురేటర్‌ని మళ్లీ పాత జెట్లకి మార్చేశారు.

ఒక్క ఫిర్యాదు వచ్చింది. క్లచ్ తొక్కి పట్టుకుంటే గలగలమని చప్పుడు. మధ్యలో తేలే ప్లేటు చేసే శబ్దం అది, ట్విన్ డిస్క్‌తో వచ్చేదే. బిగించకముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారు పడలేదు, అది అదేనా అని నిర్ధారించుకోవడానికి ఫోన్ చేశారంతే.

ఇప్పుడాయన మెత్తటి ట్రాక్ టైర్లు వేయాలనుకుంటున్నారు. అలా అయితే నేను పైన వేసిన మొదటి లెక్క మారిపోతుంది. పట్టు 1.4 అయితే మూడో గేరులో టైరు జారడానికి క్లచ్ దగ్గర 860 పైన కావాలి, అంటే 732 మొత్తం మూడో గేరు నుంచే క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద పడుతుంది. క్లచ్ తట్టుకుంటుంది. గేర్‌బాక్స్ కూడా నిలకడ టార్క్‌ని తట్టుకుంటుంది. ఆ టైర్లతో పెడల్ టక్కున వదిలి లేపడం మాత్రం వద్దని చెప్పాను. వెనక యాక్సిల్ షాఫ్టులు ఏ గ్రేడువో చూసి చెప్పేదాకా టైర్లు కొనొద్దని కూడా చెప్పాను.